ముందే గీసిన గీతలు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన చెయ్యి పడిన బండికి దారిలో చక్రం ఊడి, లోపలి మనిషి ఇల్లు చేరకపోవడం. చంటిపిల్ల తల్లికి లేనిపోని భయాలెక్కువని ఇంట్లోవాళ్ళు నవ్వేవారు.

పెళ్ళితో ఆగిన చదువును కాలేజీలో బండ్ల రిపేరు కోర్సుతో మళ్ళీ మొదలుపెట్టింది. "పిల్లనొదిలేసి ఆ నల్లనూనెలో ఏం వెతుక్కుంటావే?" అని అత్తగారు సాధిస్తూనే ఉంది.

కాలేజీ రిపేరు షెడ్డులో ఒక పద్ధతుంది. రెంచితో చక్రం నట్లు బిగించి, సరిపడా బిగిశాయని అది టక్కుమన్నాకే, నట్ల మీద పసుపు సుద్దతో గీత గియ్యాలి. గీతలున్న చక్రాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. "గీత గీశామంటే మాటిచ్చినట్టే," అనేవారు మాస్టారు.

ఆ పొద్దున బట్టలు కుట్టే పెద్దావిడ తన బూడిదరంగు కారు బ్రేకులు చూపించుకోవడానికి వచ్చింది. పనయ్యాక ఈమె చక్రాలు తొడిగి, మూడింటిని బిగించింది. ఇంతలో రెంచి పక్క బండికి పోయింది. ఎడమవైపు వెనక చక్రం నట్లు వేళ్ళతో తిప్పి, ఖాళీగా కూర్చోవడమెందుకని గీతలు ముందే గీసేసింది.

పక్క బండి పని చేస్తున్న తోటి కుర్రాడు చూసి నవ్వాడు. "ఆలు లేదు చూలు లేదు అన్నట్టుందక్కా నీ వరస!"

"వాగింది చాల్లే గానీ, రెంచి ఇటివ్వు."

అంతలో ఆడపడుచు ఫోను. "వదినా, పాప ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పాలు కూడా పట్టట్లేదు."

చేతులు కడుక్కోకుండానే ఇంటికి పరుగెత్తింది.

మందు పట్టించి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాక పాప కాస్త చల్లబడింది. అమ్మ వేలు గట్టిగా పట్టుకుంది. ఆ వేలికి పసుపు సుద్ద. చూడగానే ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

కుర్రాడికి ఫోను చేసింది. "తమ్ముడూ, ఆ వెనక చక్రం బిగించావా?"

"రెంచి నీ పక్కన పెట్టి నా బండి కిందకి దూరానక్కా. వచ్చి చూస్తే నువ్వు లేవు, గీతలున్నాయి. బిగించే వెళ్ళావనుకున్నాం. ఆవిడ కూతురింటికని కొండదారిన బయల్దేరిపోయింది."

చెబితే కాలేజీకి నీళ్ళొదులుకోవాలి. అత్తగారి నోట్లో పంచదార పోసినట్టే. అయినా ఆగకుండా మాస్టారికి ఫోను చేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

కాసేపాగి మళ్ళీ ఆయనే చేశారు. "ఆవిడ ఎత్తట్లేదమ్మా. బండి నడుపుతూ ఫోను ముట్టుకునే మనిషి కాదు. నేను వెనకాలే వెళ్తున్నా. కొండకి దారులు రెండు. ఏదో ఒకటే పట్టుకోగలను."

"నన్ను తీసేస్తారా మాస్టారూ?"

"ముందు మనిషి దొరకనీ, తల్లీ."

పాపను భుజానేసుకుని ఆమె ఇంకా మాస్టారిచ్చిన పెద్దావిడ నంబరుకే చేస్తోంది. అటు మోగుతూనే ఉంది.

మీరు ఆ రెండో దారిలో ఉంటే ఒక్కసారి చూడండి. బూడిదరంగు కారు, వెనక సీట్లో బట్టల మూట, నడిపేది ఒంటరి పెద్దావిడ. చక్రం మీద పసుపు గీతలున్నాయి కదా అని వదిలెయ్యకండి. ఆపి, దింపి, ఆవిడ బాగానే ఉందో లేదో కనుక్కోండి.