కొండవ్వ గజ్జెలు, జానీ పాషా దారాలు

సకల జనుల సమ్మె రోజులు. సిద్దిపేటలో బస్సులు లేవు, బడులు లేవు, పాటలకు మాత్రం కరువు లేదు. శిబిరాల్లో పాడీ పాడీ కొండవ్వ గొంతు బొంగురుపోయింది. రేపటి ర్యాలీలో రికార్డే వేద్దామని, మైక్ సెట్ జానీ పాషా నిన్న ఆమె పాటను మెమరీ కార్డులోకి ఎక్కించాడు. తన తల్లి గజ్జెలు కట్టుకుని ఆడుతూ మరీ పాడింది.

ఇవాళ దుకాణానికొచ్చి విన్నది. గొంతు ఉంది, గజ్జెలు లేవు!

"నా గజ్జెలేవిరా తమ్మీ? మా అవ్వ పోయినంక నాకు మిగిలినయ్ గవే. రేపు ఊరంత వినాలె."

తప్పెవరిదో జానీ పాషాకు తెలుసు. అయినా కంప్యూటర్ పక్కనున్న కొత్త డబ్బా మీదికి నెట్టేశాడు.

"అక్కా, కార్డుల పాట అంకెలై ఉంటది. గా అంకెలను మల్ల చప్పుడు జేసేది గీ డబ్బానే. మీ ఇంట్ల గొల్లభామ చీర నేస్తరు గద? దారాలు దగ్గరదగ్గర ఉంటెనే భామ తలమీది కుండ కనబడ్తది. గిదీ గంతే, చప్పుడును కొలిచే ఒక్కో కొలత ఒక్కో దారం. సెకనుకు ఎనిమిది వేలసార్లు కొలిస్తె, నాలుగు వేలసార్లు ఊగే చప్పుడు దాకనే దొరుకుతది. నీ గొంతు అండ్ల పట్టింది. గజ్జెలు ఇంకా జోరుగ ఊగుతయ్, పట్టలె."

కొండవ్వ కళ్లు చిన్నవయ్యాయి. "మరి దారాలు తగ్గించింది డబ్బానా, నువ్వా?"

"కార్డుల జాగ లేదక్కా, దారాలు తగ్గిస్తె తక్కువ జాగల పడ్తదని..." అని నీళ్లు నమిలాడు.

"దేంతోని నిండిందో సూస్త." తనే మౌస్ నొక్కింది. కీచుమంటూ జానీ పాషా గొంతు! కార్డు నిండా అతను దొంగచాటుగా పాడుకున్న ఉద్యమ పాటలే, ఒక్కొక్కటీ నిండు దారాలతో. నలుగురిలో పాడాలని ఎంత ఆశో, అంత సిగ్గు పాపం.

"నీ పాడుగాను! నీకు పట్టుచీర, నాకు గోనెసంచా? అన్నీ తుడిచెయ్!"

"యా అల్లా! ఒక్కటన్న ఉంచక్కా, నీ కాల్మొక్కుత."

"ఉంచు. కానీ నిన్న నాకు పెట్టినన్ని దారాలే దానికీ పెట్టు."

ఏడుపు ముఖంతో అట్లాగే చేశాడు. కొలవకుండా వదిలేసిన చప్పుడు తిరిగి రాదు కదా, కొండవ్వ వేడినీళ్లు తాగి, గజ్జెలు కట్టి, ఆ బొంగురు గొంతుతోనే మళ్లీ పాడింది, ఈసారి నిండు దారాలతో.

మర్నాడు ర్యాలీలో గజ్జెలు ఘల్లుమన్నాయి. ఆడవాళ్లంతా కొండవ్వ కాళ్లకేసి చూశారు. ఆమె కదలకుండా నిలబడి ఏడుస్తోంది. "మా అవ్వ నడిసొస్తున్నట్టే ఉన్నదిరా," అంది.

కళ్లు తుడుచుకుని, చెప్పాపెట్టకుండా రెండో పాట నొక్కేసింది. తన గొంతు వినగానే జానీ పాషా స్పీకర్ వెనక నక్కాడు.

"ఎవలు పాడిన్రు గిది? మస్తున్నది!" అని జనం చప్పట్లు కొట్టారు.

కొండవ్వ వంగి అతని చెవిలో అంది: "సూసినవా తమ్మీ, దారాలు తగ్గంగనే నా గజ్జెల లెక్కనే నీ కీచు గూడ పోయింది. నువ్వెన్నడూ నిండుగ నేయకు!"