అంతయ్యకు నిద్ర పట్టని సమ్మె

ఎల్బీ నగర్ చౌరస్తాలో నల్గొండ బస్సులు ఆగే చోటుకు సరిగ్గా పైన అంతయ్య కిరాయి గది. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు రాత్రి వాచ్‌మన్. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి పడుకుంటే సాయంత్రం నాలుగు దాకా లేవడు. కిటికీ కింద హారన్లు, కండక్టర్ల కేకలు, బత్తాయిలమ్మే వాళ్ల అరుపులు. పదకొండేళ్లుగా ఆ గోలలోనే గురక పెడుతున్నాడు.

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బస్సులు లేవు కాబట్టి జనం లేరు, జనం లేరు కాబట్టి బత్తాయిలూ లేవు. అంతయ్యకు నిద్ర కూడా లేకుండా పోయింది.

మొదటి రోజు ఉక్క అనుకున్నాడు. రెండో రోజు నల్లులనుకుని మంచం ఎండలో వేశాడు. నాలుగో రోజు లేచి కూర్చున్నాడు.

"లచ్చమ్మా, చెవులల్ల ఏదో అయితున్నదే," అన్నాడు భార్యతో.

"ఏం అయితలేదు నాయినా, గదే నీ రోగం," అంది కూతురు స్వప్న. డీఎస్సీకి చదువుతోంది, ఒళ్లో సైకాలజీ పుస్తకం ఉంది. "రోజూ వినే చప్పుడును మెదడు పక్కకు పెడ్తది. అది ఆగితేనే ఏందా అని లేస్తది. గడియారం ఆగినంకనే గద మనం దాని దిక్కు చూసేది."

"మరి గా బుక్కుల మందు కూడ రాసి ఉంటది, చూడు బిడ్డా," అంది లచ్చమ్మ.

మందు రాసి లేదు. ఆదివారం దగ్గర పడుతోంది. ఆ రోజు చౌరస్తాలో దీక్షా శిబిరం వేస్తున్నారు. అంతయ్యకు రెండు నిమిషాలు మైకు ఇస్తామన్నారు. ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన అన్న సంగతి ఒక్కసారి నలుగురిలో చెప్పాలని ఆయన కోరిక. అన్న పోయి ఆరేళ్లు. కానీ నిద్ర లేక అంతయ్య శుక్రవారం నాటికి భార్యను మేనేజర్ సార్ అని పిలుస్తున్నాడు.

లచ్చమ్మ ఖాళీ మిక్సీ తిప్పింది. అంతయ్య కన్ను మూతపడింది. అంతలో కరెంటు పోయింది. సింగరేణి బొగ్గు గనుల వాళ్లూ సమ్మెలోనే ఉన్నారు.

ఇంటి ఓనరు సాంబమూర్తిది తెనాలి. ఆయన తన స్కూటర్ కిటికీ కిందికి నెట్టుకొచ్చాడు. "స్టార్ట్ చేసి ఉంచుతానండీ అంతయ్య గారూ. మీ ఉద్యమం మామీదనుకున్నాం గానీ, ముందు మీ నిద్రమీదే పడిందండీ!"

అంతయ్య పదకొండు నిమిషాలు నిద్రపోయాడు. పెట్రోలు అంతే ఉంది.

ఆదివారం పొద్దున అంతయ్యను వేదిక మీద కూర్చోబెట్టారు. డప్పు మోగింది, మైకు గుయ్యిమంది, ఆయన గడ్డం ఛాతీ మీద వాలింది. శిబిరం నడిపే తిరుపతి అదిరిపడ్డాడు.

"అరే, డప్పు ఆపుండ్రి! అంతన్న సొమ్మసిల్లిండు!"

డప్పు ఆగింది. అంతయ్య కళ్లు తెరిచాడు. "నా వంతు ఒచ్చిందా?"

మైకు పట్టుకున్నాడు. "మా అన్న నర్సయ్య..." అన్నాడో లేదో జనం జై కొట్టారు. డప్పు అందుకుంది. అంతయ్య నిలబడే నిద్రపోయాడు. చప్పుడు ఆపితే లేచాడు. "మా అన్న నర్సయ్య..." ఈసారి చప్పట్లు. మళ్లీ నిద్ర.

లచ్చమ్మ వేదికెక్కి మైకు లాక్కుంది.

"మీ కాళ్లు మొక్కుత, ఎవ్వలు సప్పట్లు కొట్టకుండ్రి. కొడితే మా ఆయిన పండుకుంటడు!"

జనం నవ్వబోయి నోళ్లు మూసుకున్నారు. డప్పు కొట్టేవాళ్లు కర్రలు చంకలో పెట్టుకున్నారు.

"మా అన్న నర్సయ్య తల ఎత్తలేకపోయెటోడు," అన్నాడు అంతయ్య. "మనుషులను మొఖం చూసి కాదు, చెప్పులు చూసి గుర్తుపట్టేటోడు. నా పెండ్లికి నేను కొత్త చెప్పులేసుకున్న. కాళ్లు మొక్కుదామని పోతే, 'ఎవలు బాబూ నువ్వు, పెండ్లికొడుకు ఏడి?' అన్నడు."

రెండు నిమిషాలన్నది ఎనిమిది నిమిషాలైంది. ఆ శిబిరంలో మధ్యలో జై కొట్టకుండా జనం విన్న ఉపన్యాసం అదొక్కటే.

"అయిపోయింది," అన్నాడు చివరికి.

జనం లచ్చమ్మ వైపు చూశారు. ఆమె సరే అన్నట్టు తల ఊపింది. చప్పట్లు మోగాయి, వెనక వరసలో సాంబమూర్తివి కూడా. అంతయ్య కుర్చీ దాకా వెళ్లగలిగాడు.

ఆ తర్వాత ఏడుగురు మాట్లాడారు. అంతయ్య ఒక్కరి మాటా వినలేదు.