పైవరస ఇనుము

బాల్కనీ మీద కట్టిన మట్టిగట్ల మధ్య నీళ్లు రెండంగుళాలు నిలిచాక, శౌరి గొట్టాన్ని పక్కన పడేసి, తెగిన ఒక గట్టుకు అరచేత్తో మట్టి అద్దాడు. ఇరవై రోజులుగా పొద్దున్నే ఆరింటికి అతనికి ఇదే పని. కూలీలకు చెప్పి చేయించవచ్చు. కానీ కాంక్రీటు నీళ్లు తాగిందో లేదో తన కళ్లతో చూసుకుంటేగాని అతనికి కాఫీ దిగదు.

అరవై దాటిన మనిషి. సిమెంటుకు గోళ్లు సగానికి అరిగిపోయాయి. ఫిరంగిపురం వైపు నుంచి నగరానికి వచ్చి, బోరబండలో రెండు గదులు వేసుకుని, ఈ రాళ్లగుట్టల మీద పాతికేళ్లలో నలభై రెండు ఇళ్లు కంట్రాక్టు తీసుకుని కట్టాడు. గృహప్రవేశం అయ్యాక మరమ్మతుకని వాటిలో ఏ ఇంటికీ మళ్లీ వెళ్లవలసిన పని పడలేదు.

“ఏంది మేస్త్రీ, నీళ్లల్ల ఆడుకుంటున్నవా?” కింది నుంచి భూలక్ష్మి కేకేసింది. పాలమూరు నుంచి వచ్చి రహమత్ నగర్‌లో ఉంటున్న ఆమె పదిహేనేళ్లుగా అతని దగ్గరే కాంక్రీటు మోస్తోంది. “రేపు పోట్లు తీస్తమా, లేదా?”

“తీద్దాంలే.”

“తీద్దాంలే అంటవ్, మొకమేమో వాడిన చిక్కుడాకు లెక్కున్నది.”

శౌరి నవ్వలేదు. ఆ బాల్కనీకి స్తంభాలు లేవు. గోడలోంచి గాలిలోకి చాచిన చెయ్యి లాంటిది అది. కింద ఆనించిన కర్రపోట్లు తీసేశాక దాన్ని మోసేది కాంక్రీటు లోపలి పైవరస ఇనుమే. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు ఆ చువ్వల మీద నడిస్తే అవి కిందికి దిగిపోతాయి. అందుకే ప్రతి ఇంటి స్లాబుకూ అతను అక్కడే నిలబడి, పైన వేసిన చెక్కపలక మీద నుంచే నడవమని గొంతు పోయేలా అరిచేవాడు. ఈసారి మాత్రం రొమ్ము పట్టేసినట్టయి, ఎవరికీ చెప్పకుండా సిమెంటు బస్తాల నీడలో గంటసేపు పడుకున్నాడు.

ఇరవై రోజులుగా నోట్లో నానుతున్న ప్రశ్న ఇప్పుడు బయటికి వచ్చింది.

“భూలక్ష్మీ, నిజం చెప్పు. నేను లేనప్పుడు ఇక్కడ చువ్వలు తొక్కారా?”

“తొక్కకుంట ఎట్ల పోతం? మాకేమన్న రెక్కలున్నయా?” అని నవ్వబోయి ఆగిపోయింది. “పలక జారుతుండె మేస్త్రీ. తీసి పక్కకు పెట్టిన్రు. ఏం గాదులే. ప్లాస్టరింగ్ అయినంక ఎవలకు తెలుస్తది?”

శౌరి గట్టు తెంపి నీళ్లు వదిలేశాడు. గోడ మొదట్లో ఉలి పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. అంగుళం లోపలే తగలాల్సిన ఇనుము, ఉలి బెత్తెడు లోతుకు పోయినా తగల్లేదు.

రేపు పోట్లు తీసినా బాల్కనీ పడిపోదు. అదీ అతనికి తెలుసు. పదేళ్లకో పన్నెండేళ్లకో, ఏ వానాకాలంలోనో, గోడ దగ్గర సన్నని పగులు పడుతుంది. అప్పటికి తనను అడిగేవాళ్లు ఉండరు.

పది గంటలకు ఇంటావిడ త్రిపురసుందరి వచ్చింది. ఎందరో హీరోయిన్లకు గొంతు అరువిచ్చిన మనిషి. ఆమె ముఖం మాత్రం ఏ తెర మీదా లేదు. ఇరవై ఏళ్లు డబ్బింగ్ చెప్పి కూడబెట్టుకున్నది ఈ ఇల్లు.

కిందటేడు శౌరి భార్య ఫిలోమినా నలభై రోజులు ఆస్పత్రిలో ఉంది. పని పునాదిలోనే ఆగిపోయింది. ఇంకొకరైతే వారం తిరక్కుండా వేరే మేస్త్రీని పెట్టుకునేవారు. ఈవిడ బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. “మీరేనా సినిమాల్లో మాట్లాడేది? ఏదీ, ఒక్క మాట,” అని ఫిలోమినా ఆశగా అడిగితే, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చుట్టుపక్కల వాళ్లకు వినబడకుండా, ఒక మహారాణి గొంతుతో మంత్రిని చెడామడా తిట్టింది. ఫిలోమినా దగ్గు వచ్చేదాకా నవ్వింది. మనిషి దక్కలేదు. కానీ ఆ నలభై రోజుల్లో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

“బాల్కనీ పగలగొట్టాలమ్మా,” అన్నాడు శౌరి. “ఇనుము కిందికి దిగింది. నేను దగ్గర లేను. తప్పు నాదే. ఖర్చూ నాదే.”

“ఇంజనీరు గారు చూసి బాగుందన్నారు కదండీ?”

“ఆయన కింద నుంచి చూశారమ్మా.”

ఆమె ఉలి దెబ్బల గుంతలోకి వంగి చూసింది. “మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?”

“తెలిసేది కాదు.”

“మరి ఎందుకు చెప్పారు?”

అతనికి స్టూలు గుర్తొచ్చింది, మహారాణి గొంతు గుర్తొచ్చింది. అవేవీ నోటికి రాలేదు.

“అక్కడ నిలబడేది మీరు కదమ్మా,” అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. “ముహూర్తం వెనక్కి జరుపుకుందాం. ముందు మీరు కూర్చోండి శౌరి గారూ, చెమటలు పట్టేశాయి.”

మధ్యాహ్నం సమ్మెటలు లేచాయి. “కట్టినోడే కూలగొట్టుడు గీడనే జూసిన,” అని భూలక్ష్మి వెక్కిరిస్తే శౌరి కూడా నవ్వాడు. సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ బోరబండ చేరి, గోడ మీది ఫిలోమినా ఫొటో ముందు నిలబడి, “చెప్పేశానే,” అన్నాడు. ఆ పూట అన్నం హాయిగా దిగింది.

వారం తరువాత బాల్కనీ కొత్తగా పోశారు. ఆ తరువాత పద్దెనిమిదో రోజు ఆదివారం. శౌరి చర్చిలో పూజ ముగించుకుని ఇంటికి వచ్చి, చొక్కా మేకుకు తగిలించి, గోడకు చేరగిలబడ్డాడు. పక్కింటివాళ్లు పలకరించేసరికి ప్రాణం లేదు. ముఖం మాత్రం నిద్రపోతున్నట్టే ఉంది.

గడువు నిండాక పోట్లు తీయించింది భూలక్ష్మే. చివరి పోటు పక్కకు ఒరిగాక త్రిపురసుందరి చెప్పులు విడిచి, బాల్కనీ చివరిదాకా నడిచి, అక్కడ నిలబడింది.

“ఎట్లున్నదమ్మా?”

“గట్టిగా ఉంది భూలక్ష్మీ.”

“ఉండదా మరి! పలక మీదికెల్లి కాలు జర పక్కకు పడితే మమ్ముల ఏడు తరాలు తిట్టిండు,” అంటూ భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాల్కనీ గడపకు ఇవతల ఒక ఇనుప తట్ట బోర్లించి ఉంది. రెండోసారి కాంక్రీటు పోసిన రోజు పొద్దుటి నుంచి చివరి గంప పడేదాకా శౌరి దానిమీద నుంచి లేవలేదు. ఎవరో దాన్ని తీయబోతే త్రిపురసుందరి వద్దని చెయ్యి ఊపింది. దాని చుట్టూరా సిమెంటు చింది గట్టిపడిపోయింది. నడిమధ్య, ఒక మనిషి కూర్చునే మేర మాత్రం, ఇనుము శుభ్రంగా ఉంది.