ఏటి బూట్లు

మా తమ్ముడు హెల్మెర్ ఇంటి గేటు దగ్గర ఎప్పుడూ రెండు రకాల రబ్బరు బూట్లుంటాయి. గేటుకి బయట ఆకుపచ్చవి, లోపల నల్లవి. పచ్చవి కింద ఏటికి, నల్లవి ఇంటి వెనక వాగుకి. ఏటికి వెళ్లొచ్చినవాడు ఎంతటివాడైనా సరే, బయటే బూట్లు విప్పి, మోచేతుల దాకా కడుక్కుని గాని లోపల అడుగుపెట్టకూడదు. బతికున్నప్పుడు మా మరదలు మైకెన్ దీనికి మడి అని పేరు పెట్టింది. "మీ తమ్ముడిగారి మడి చూశారా వదినా, చర్చికైనా ఇంత శుభ్రంగా రారు" అనేది. అందరం నవ్వేవాళ్లం. హెల్మెర్ నవ్వేవాడు కాదు, ఎందుకో చెప్పేవాడూ కాదు. వాడి నోట్లోంచి మాట లాగాలంటే పటకారు కావాలి.

ఎందుకో నాకు తెలుసు. మా తాత చిన్నతనంలో ఏరు నిండా నల్ల రొయ్యలుండేవట. సముద్రపు రొయ్య కాదు, పీతకున్నట్టు రెండు పెద్ద డెక్కలుండే మంచినీటి రొయ్య. ఒక వేసవిలో ఏదో తెగులు తగిలి అన్నీ చచ్చాయి. ఏరు బోసిపోయిందని బాధపడి పెద్దలు అమెరికా రొయ్యల్ని తెప్పించి వదిలారు, అవి ఆ తెగులుకి చావవని. చావవు సరే, ఆ తెగులును ఒంట్లో పెట్టుకుని తిరిగేవి అవేనని తర్వాత తెలిసింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఇప్పుడు ఏట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా అమెరికావే. ప్రతి ఆగస్టులో బోన్లు వేసి పట్టి తింటాం. రుచికేం లోటు లేదు, అబద్ధమెందుకు. కానీ పాత మిల్లు అడ్డుకట్టకి పైన, అవి ఎక్కి రాలేని మా వాగులో, నల్లవి ఇంకా బతికే ఉన్నాయి. ఈ చుట్టుపక్కల మిగిలినవి అవే. మైకెన్ పోయాక ఇంట్లో వండిపెడుతూ నేనున్నా, హెల్మెర్‌కి తోడు మాత్రం అవే. మునిమాపు వేళ టార్చి పట్టుకుని వెళ్లి ఒక్కో రాయినీ పలకరించి వస్తాడు. వాటిని పట్టడు, తినడు, ఇంకొకరిని పట్టనివ్వడు.

పోయిన ఆగస్టులో వాన చుక్క లేదు. అడవి ఎండి గలగలమంటుంటే, బయట ఎక్కడా నిప్పు రాజేయకూడదని హుకుం వచ్చింది. మామూలుగా మేం పట్టినవాటిని ఏటి ఒడ్డునే, పెద్ద ఇనప బానలో, ఉప్పునీళ్లలో సోయకూర పూలకాడలు వేసి ఉడికిస్తాం. ఉడికినవే ఇంటికొస్తాయి. ఆ ఏడు అది కుదరలేదు. మర్నాడే రొయ్యల విందు. హెల్మెర్ కంటి పరీక్షకని వెక్షో పట్నం వెళ్తూ అల్లుడితో, "బోన్లు ఎత్తి తీసుకురా బాబూ. రాగానే పొయ్యి మీద పెట్టెయ్యి" అన్నాడు. అంతే. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

అల్లుడి పేరు ఆర్విడ్. హెల్మెర్ కూతురు, మా టీరాని చేసుకుని ఏడాదైంది. సముద్రపొడ్డు పట్నంలో పుట్టి పెరిగినవాడు, మంచివాడు. మామగారి నోట ఒక్కసారి 'బాగుంది' అనిపించుకోవాలని వాడి తాపత్రయం. ఆ సాయంత్రం చిల్లుల పెట్టె నిండా అమెరికావి పట్టుకొచ్చి, గేటు బయట బుద్ధిగా బూట్లు విప్పి, చేతులు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, పొయ్యి ఇస్తారా?"

"ఇప్పుడా? లోపల చీజు రొట్టె కాలుతోంది, పైన దుంపలున్నాయి. కాసేపాగు నాయనా, నీ రొయ్యలకేం రైలు తప్పిపోదు."

"ఈ ఎండకి చచ్చిపోతాయేమో."

"నీడన పెట్టు, చావవు."

చచ్చిన రొయ్యని బానలో వెయ్యకూడదని మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. బతికుండాలంటే నీళ్లలో దించాలనీ తెలుసు. ఆర్విడ్ అదే చేశాడు. ఒక్కటి కూడా తప్పించుకోకుండా పెట్టె మూత బిగించి, తాడుతో ఆల్డర్ చెట్టు వేరుకి కట్టి, ఇంటి వెనక వాగులోకి దించాడు.

నేను రొట్టె దించుతుంటే హెల్మెర్ వచ్చాడు. చేతిలో నీళ్లు కారుతున్న పెట్టె.

"పొయ్యి ఖాళీ చెయ్యక్కా."

"అదేంట్రా, అలా కారుతోంది?"

"వాగులోంచి తీశాను."

కుర్చీలో కూలబడ్డాను. "వాడేడీ? వాణ్ణి ఇవాళ ఉతికి ఆరేస్తాను!"

"ఊరుకో. స్నానానికెళ్లాడు."

"ఊరుకోవడమేంట్రా? అవి పోతాయి కదరా!"

"అన్నిట్లోనూ తెగులుండదు. లేనివీ ఉంటాయి. చూద్దాం." పెట్టె నేలమీద పెట్టాడు. "ఏమీ కాకపోతే కుర్రాడి మనసెందుకు విరగ్గొట్టడం? అయితే మాత్రం నేనే చెప్తాను. అప్పటిదాకా నువ్వు నోరు మెదపకు. మైకెన్ మీద ఒట్టు."

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. అయినా ఒట్టేశాను.

మర్నాడు విందు జరిగింది. చెట్లకి చందమామ మొహాల కాగితం బుట్టల్లో కరెంటు దీపాలు, నెత్తిన కాగితం టోపీలు, పాట పాటకీ ఓ సారా గ్లాసు. ఎర్రగా ఉడికిన రొయ్యలు పళ్లెం నిండా. ఇంతింత పెద్దవి ఈ మధ్య చూళ్లేదని అందరూ ఆర్విడ్ వీపు తట్టారు. వాడు మాత్రం మామగారి వంకే చూస్తున్నాడు. హెల్మెర్ ఒక రొయ్య తీసుకుని, డెక్క విరిచి, రసం జుర్రుమని పీల్చి, "బాగుంది" అన్నాడు. ఆర్విడ్ మొహం వెలిగిపోయింది. చేసినవాడి మీద ఎంత కోపమో, ఇన్నేళ్లుగా ఎందుకో చెప్పకుండా బూట్లు మాత్రం విప్పించిన నా తమ్ముడి మీదా అంతే కోపం. మేమంతా మడి, మడి అని నవ్వుతుంటే ఆర్విడ్ కూడా మడే అనుకోడూ మరి?

ఆ తర్వాత రోజూ చీకటిపడ్డాక హెల్మెర్ వాగు నుంచి వచ్చేదాకా నేను దీపం ఆర్పేదాన్ని కాదు. వచ్చి గుమ్మంలో నిలబడి "ఉన్నాయి" అనేవాడు. మళ్లీ మర్నాడు, "ఉన్నాయి." ఒక వారం గడిచింది. రెండో వారంలో వాడు కడుపునిండా తిన్నాడు, ఈల కూడా వేశాడు. గండం గడిచిందనే అనుకున్నాను. ఇల్లు అలకగానే పండగ కాదని మర్చిపోయాను.

ఆదివారం, మిట్టమధ్యాహ్నం. టీరా, ఆర్విడ్ భోజనానికి వచ్చారు. హెల్మెర్ ఆ సంవత్సరానికి ఆఖరి బోన్లు ఎత్తి అప్పుడే వచ్చాడు. గేటు బయట బల్ల మీద కూర్చుని, పచ్చ బూటు మీద చెయ్యి వేశాడో లేదో, ఆర్విడ్ ఇంటి వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్ల దాకా తడి, మొహమంతా నవ్వు.

"మామయ్యా, రండి రండి! మీ నల్లవి బయటికొచ్చాయి! పట్టపగలు! ఒకటా రెండా, వాగంతా అవే! కాళ్ల మీద నిటారుగా లేచి నడుస్తున్నాయి, నన్ను చూసి కూడా పారిపోవట్లేదు. ఇన్నున్నాయని మీక్కూడా తెలిసుండదు!"

నల్ల రొయ్య చీకటి ప్రాణి. పగలు రాతి కింద నుంచి కదలదు. ఎండలో బయటికొచ్చి, కాళ్లు కర్రల్లా బిగుసుకుని, మనిషిని చూసి బెదరకుండా నడిచిందంటే దానికిక నూకలు చెల్లినట్టే. మా తాత చెప్పిన వేసవిలోనూ ఇలాగే నడిచాయట. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను.

హెల్మెర్ బూటు మీద నుంచి చెయ్యి తీసి, బల్ల మీద పక్కకి జరిగాడు. తర్వాత, "ఇలా కూర్చో బాబూ" అన్నాడు.

"ముందు చూడండి మామయ్యా, మళ్లీ లోపలికి పోతాయి!"

"పోవు. కూర్చో. ఆ రోజు పెట్టె వాగులో దించావు కదా."

"దించాను. ఎండకి చచ్చిపోతాయని. మూత గట్టిగానే కట్టాను, ఒక్కటి కూడా పోలేదు."

"పోనక్కర్లేదు. ఏటివాటికి ఒక తెగులుంటుంది. వాటికేం కాదు, మనవాటిని చంపుతుంది. అవి తగిలిన నీళ్లు చాలు. తడి బూటు చాలు."

ఆర్విడ్ గేటు లోపలి నల్ల బూట్లని చూశాడు. మామగారి కాళ్లకున్న పచ్చ బూట్లని చూశాడు. ఆ నవ్వు మొహం మీద నుంచి పోవడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కాసేపూ నేను చూడలేకపోయాను.

"అంటే ఇదంతా... మడి కాదా?"

"కాదు."

"ఎవరూ చెప్పలేదే మామయ్యా."

"చెప్పలేదు. నేను చెప్పాల్సింది. తప్పు నాది బాబూ."

ఆర్విడ్ లేచి వాగు వైపు పరిగెత్తాడు. నేను, టీరా వాడి వెనకే వెళ్లాం. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో, ఎండ అడుగుదాకా పడుతోంది. నల్లవి ఎటు చూసినా ఉన్నాయి. కొన్ని తూలుతూ నడుస్తున్నాయి, కొన్ని వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తున్నాయి, చాలా వాటికి అదీ లేదు. ఆర్విడ్ నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని వెల్లకిలా పడ్డవాటిని ఒక్కొక్కటే ఎత్తి నిలబెడుతున్నాడు. రెండడుగులు వేసి మళ్లీ పడిపోతున్నాయి. మళ్లీ నిలబెడుతున్నాడు. "లే, లే" అంటున్నాడు, ఏడుస్తున్నాడు. రెండు వారాలుగా వాడికోసం దాచుకున్న తిట్లు ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

హెల్మెర్ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. "లాభం లేదు బాబూ. పైకి రా."

ఆర్విడ్ వినిపించుకోలేదు.

వాడినే చూస్తూ కాసేపు నిలబడి, మా తమ్ముడు తనూ నీళ్లలోకి దిగాడు. అలవాటుకొద్దీ నా కళ్లు వాడి కాళ్ల మీదికి వెళ్లాయి. పచ్చ బూట్లు. ఏటి తడి ఇంకా ఆరలేదు.

"ఒరేయ్, బూట్లు..." అనబోయి ఆగిపోయాను. హెల్మెర్ కిందికి చూసుకోలేదు. అల్లుడి పక్కన వంగి, వెల్లకిలా పడ్డ ఇంకో రొయ్యని మెల్లగా ఎత్తి నిలబెట్టాడు.