బుల్లింజను కూత

పొద్దున ఏడింటికి రిటైరైన బుల్లింజను డ్రైవరు వరండాలోకొచ్చి రెండు పొట్టి కూతలు వేస్తే, గేటుకు అడ్డంగా ఉన్న కూరగాయల బండి దానంతటది రెండు గజాలు వెనక్కి జరిగేది. బండి తాలూకు మనిషి తలెత్తి కూడా చూసేది కాదు. తక్కెడ పట్టుకుని బండితోపాటే నడిచేది. ఒక కూతకు ముందుకి, రెండు కూతలకు వెనక్కి, మూడైతే ఆగాలి. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు యార్డులో షంటింగ్ ఇంజను నడిపాడు. చెల్లాచెదురుగా ఉన్న పెట్టెల్ని ఏరి, వరస కూర్చి, పెద్ద రైళ్లకు అప్పగించడమే ఆయన పని. ఆ బుల్లింజన్ని తుక్కు కింద కోసేసిన రోజున దాని కూత వచ్చి ఆయన పెదవుల మీద కాపురం పెట్టింది. అప్పట్నుంచి చక్రాలున్న ప్రతిదీ ఆయన మాట వినేది. వీధిలోవాళ్లకు అదో సదుపాయం. ఫ్రిజ్ జరపాలన్నా, ఇరుకు సందులోంచి కారు తియ్యాలన్నా "బాబాయిగారూ, ఓసారి రారూ" అని కేకేసేవాళ్లు.

విసుక్కునేది ఆయన భార్య ఒక్కతే. "ఇంట్లో ఈలలు వెయ్యకండి మహాప్రభో, గ్యాసు బండ చక్రాల స్టాండుతో సహా గుమ్మం దాటిపోతోంది!"

వాళ్ల కొడుకు కంప్యూటరు మీద రైళ్లు నడిపే ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. ఓ ఆదివారం మార్కెట్లో ఉన్న ఆటలన్నీ తండ్రికి చూపించాడు. అన్నిట్లోనూ తళతళలాడే ఎక్స్‌ప్రెస్ ఇంజన్లే. పెట్టెలు ముందే వరసగా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాయి.

"వీటిని కూర్చిందెవరురా? వాటికవే నడిచొచ్చి తగులుకున్నాయా?" అన్నాడు పెద్దాయన. "ప్రతి యార్డులోనూ నాలుగైదు బుల్లింజన్లుండేవి. ఒక్కదాన్నీ పెట్టలేదేం?"

"మా ఆటలో నీ ఇంజను పెడతాను నాన్నా. నువ్వు చెప్పు, నేను చేస్తాను."

ఆ మాటకు ఆయన పదేళ్లు చిన్నవాడైపోయాడు. నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం కూర్చుని మరమేకులతో సహా చెప్పాడు. అట్టకాగితం మీద యార్డంతా గీసి, ఇంజను నిలబడే ఆరో లైను చివర ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. చివరికి కొడుకు ఆ కూతని రికార్డు చేసుకుంటానన్నాడు.

"ఇస్తే ఇక మీ దగ్గరుండదు," అంది భార్య.

"పోయేది దాని ఇంజన్లోకే కదే. సొంతింటికి పోతుంది, పోనీ," అని ఆయన మైకులోకి కూత వేశాడు. మర్నాటి నుంచి ఆయన పెదవుల్లోంచి ఉత్త గాలే వచ్చింది. కూరగాయల బండిని చేత్తో తొయ్యాల్సి వచ్చింది. అయినా ఆయనకు దిగుల్లేదు.

ఆట విడుదలైన సాయంత్రం వీధంతా వాళ్ల హాల్లోనే ఉంది. తెర మీద తొమ్మిది ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు బారులు తీరాయి. పెద్దాయన కళ్లు ఆరో లైను మీదే ఉన్నాయి. అక్కడ గడ్డి మొలిచి ఉంది.

"మనది ఏదిరా?"

కొడుకు తెరవైపే చూస్తూ గొణిగాడు. "డబ్బు పెట్టి కొనేవాడికి స్పీడు కావాలి నాన్నా. ఆరు పెట్టెల్ని అటూ ఇటూ తొయ్యడం ఎవడిక్కావాలి? పైవాళ్లు వద్దన్నారు."

"ఎప్పుడన్నారు?"

"మొదటి నెల్లోనే."

"మరి మిగతా మూడు నెలలూ నన్నెందుకు కూర్చోబెట్టావు?"

"కూత కోసం. అలాంటి కూత ఇంకెక్కడా దొరకలేదు."

పరాయివాడు మోసం చేస్తే తిట్టిపొయ్యొచ్చు. కన్నకొడుకే గొంతు కోస్తే, అదీ నలుగురి ముందు, ఏమంటాడు? లేచి లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

హాల్లో కొడుకు మొహం చెల్లక రైలు బయల్దేరదీశాడు. వినడానికి బాగుందని బయల్దేరేటప్పుడు మోగేలా రెండు పొట్టి కూతలు పెట్టుకున్నాడు. అన్నీ చెప్పించుకున్నవాడు రెండు కూతలకు అర్థమేమిటో పట్టించుకోనేలేదు. ఎక్స్‌ప్రెస్ రైలు వెనక్కి కదిలింది. స్టేషను దాటి, యార్డులోకి దిగి, ఆరో లైనులో ఖాళీ పట్టాల ముందు ఆగిపోయింది. ఆట కొన్నవాళ్లందరి ఇళ్లల్లోనూ అదే తంతు. కూత మారిస్తే రైలు అసలు కదల్లేదు.

నాలుగో రోజు కొడుకు తండ్రి మంచం పక్కన నిలబడ్డాడు. "అదక్కడికెందుకు పోతోంది నాన్నా?"

"కూతని దానిది కానిచోట పెట్టావు. తన ఇంజన్ని వెతుక్కుంటోంది."

ఆ ఇంజను పెడితేగానీ ఆట నడవదని తేలాక కంపెనీ అతన్ని పెద్దింజన్ల పనిలోంచి పీకేసింది. ఇకమీదట అతని ఉద్యోగమల్లా యార్డు ఇంజన్లు చెయ్యడమే. నెల తిరక్కముందే ఆరో లైను చివర మసిబారిన బుల్లింజను నిలబడింది. కొడుకు తన గదిలో చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని తండ్రిని పిలిచాడు. పెద్దాయన చూశాడు. పొగగొట్టం మీద సొట్టతో సహా అదే ఇంజను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇక కోపం పోయినట్టేనా నాన్నా?"

"ఇంజను బాగుంది. నేనడిగినప్పుడు చెయ్యలేదు, గతిలేక చేశావు. అది మాత్రం మర్చిపోలేను."

అప్పుడే తెర మీద బుల్లింజను పెట్టెల కోసం రెండు కూతలు వేసింది. సొంతిల్లు చేరిన కూతకు పాత బలం వచ్చింది. కుర్చీ కొడుకుతో సహా వెనక్కి కదిలి, గుమ్మం దాటి, హాల్లోంచి వరండావైపు సాగిపోయింది.

"నాన్నా! ఆపు! మూడు కూతలెయ్యి!"

పెద్దాయన అలవాటు కొద్దీ పెదవులు బిగించి ఊదాడు. ఉత్త గాలే వచ్చింది.