బిస్కెట్ డబ్బాలో గుండీలు

ఆ వీధిలో దేవుణ్ణి నిలబెట్టి కడిగేసే ధైర్యం పక్కింటి వదిన ఒక్కదానికే ఉండేది. రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పటం ముందు నిలబడి మొదలుపెట్టేది. తిట్టినా శుభ్రంగా ఉండి తిట్టాలని ఆవిడ నియమం.

"కళ్ళు కనబడవా నీకు? ఇంతమంది కుర్రాళ్ళుంటే నా కొడుకే దొరికాడా?"

మధ్య గోడ పలచన. ఇవతల కుట్టుమిషను ముందు కూర్చున్న దర్జీ ఆవిడకు ఒక్క ముక్క పొల్లుపోకుండా వినబడేది. ఆ తిట్లు తనకు రావలసినవనీ, ఇల్లు తప్పి పైకి పోతున్నాయనీ ఈవిడకు తెలుసు. కాలు దానంతటదే ఆగేది. మిషనూ ఆగేది. తిట్లయ్యాక మళ్ళీ కదిలేది.

యుద్ధం ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు మొదలుపెట్టారో ఆ వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. వీధికొక కుర్రాణ్ణి పంపమన్న ఉత్తర్వు మాత్రం సరిగ్గా వచ్చింది. పెద్దలు కూర్చున్నారు. మా వాడికి ఆయాసం అని ఒకరు, మా వాడికి పెళ్ళి కుదిరిందని ఒకరు. ఎటూ తెగక, ఆఖరికి భారం దేవుడి మీద వేశారు. మోసేవాడు నోరు లేనివాడైతే భారం వెయ్యడం తేలిక. ప్రతి ఇంటి నుంచీ కొడుకు చొక్కా గుండీ ఒకటి తెంపి బిస్కెట్ డబ్బాలో వెయ్యాలి. ఒకరు కళ్ళకు గంతలు కట్టుకుని తియ్యాలి. ఎవరి గుండీ వస్తే వాడు వెళ్ళాలి.

తీసేదెవరు? ఎవరి జోలికీ పోని మనిషి, పిసరంత గుడ్డముక్క మిగిలినా తిరిగిచ్చేసే మనిషి, దర్జీ. అందరూ సరేనంటే సరేనన్నారు. కణతలు అదిరేలా గంతలు బిగించారు. వేళ్ళ సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. ఆ చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే. ఆ గుండీలన్నీ ఆ వేళ్ళు ఎరిగినవే.

డబ్బాలో చెయ్యి పెట్టగానే అంచు విరిగిన గుండీ తగిలింది. బేరాలవాళ్ళకు పనికిరాదని, ఇంట్లోవాడేగా సర్దుకుంటాడని, తన కొడుకు చొక్కాకే కుట్టిన గుండీ. వేళ్ళు దాన్ని వదిలేశాయి. పక్కనున్నదాన్ని పట్టుకున్నాయి. నాలుగు కన్నాల నల్ల గుండీ, వెనక దారప్పీచు ఇంకా వేలాడుతోంది. పక్కింటి వాడిది. అది చెయ్యి బయటికి రాకముందే తెలిసిందా, వచ్చాక తెలిసిందా? ఆ ముడి ఇప్పటికీ ఆవిడకు విడిపడలేదు.

"దైవనిర్ణయం," అన్నాడు కిరాణా కొట్టు పెద్దాయన, తన కొడుకుది కానందుకు ఇంత ఊపిరి వదులుతూ. కుర్రాడు వెళ్ళాడు. కొన్నాళ్ళకు వాడి బూట్లు తిరిగొచ్చాయి.

ఒక మధ్యాహ్నం వదిన చొక్కాల మూటతో వచ్చింది.

"ఏమే, ఖాళీయేనా?"

"ఖాళీగా ఉంటే ఈ మిషను ఇలా అరుస్తుందా వదినా?"

"మా వాడి చొక్కాలు. మీ వాడికి సరిచెయ్యి. పెట్టెలో ఉంచితే పురుగుల పాలు. పురుగుల కన్నా మీ వాడు నయమేగా."

దర్జీకి నవ్వాలో మానాలో తెలియలేదు. పైనున్న చొక్కా తీసి టేపు పరిచింది. "చేతులు పొడుగు. కాస్త కత్తిరించాలి."

"కత్తిరించకు. లోపలికి మడిచి కుట్టు."

"మడత ఎత్తుగా కనబడుతుంది వదినా."

"కనబడనీ. విప్పితే మళ్ళీ మా వాడి కొలత రావాలి." పిడికిలి విప్పి నల్ల గుండీ బల్ల మీద పెట్టింది. "ఇది కూడా కుట్టెయ్."

సూదిలోకి దారం ఎక్కలేదు. తడిచేసింది, పురి తిప్పింది. ఎక్కలేదు.

"వదినా, ఆ రోజు డబ్బాలో..."

"చెప్పకు." వదిన గొంతు పెంచలేదు. "చీకట్లో కాజాలు కుట్టేదానివి, నీ వేళ్ళ సంగతి నాకు తెలీదనుకున్నావా? నువ్వు చెప్తే రేపటి నుంచి ఆ తిట్లు నీకు పెట్టాలి. ఆ దేవుణ్ణి ఎంత తిట్టినా పలకడు. నువ్వు ఏడుస్తావు. నాకు పక్కింట్లో ఒక మనిషి కావాలే."

"చెయ్యని పనికి ఆయన్నెందుకు..."

"యుద్ధం ఆపాడా మరి?"

"ఆయన పెట్టాడా వదినా? గుండీలు తెంపింది మనం. డబ్బాలో వెయ్యనని ఒక్కరమైనా అన్నామా?"

వదిన గుండీ వెనక దారప్పీచును గోటితో మీటింది. "కత్తెర కనబడలేదు," అంది. "పళ్ళతో కొరికి తెంపాను."

అంతలో దర్జీ కొడుకు పని నుంచి వచ్చాడు. అడక్కుండానే ఆ చొక్కా తొడుక్కుని, వేళ్ళ దాకా వేలాడుతున్న చేతులు ఊపుతూ, "ఎలా ఉన్నాను అత్తా?" అన్నాడు.

"దొంగిలించినట్టున్నావు," అంటూ వదిన లేచి కాలరు సర్దింది. సర్దిన చెయ్యి వాడి భుజం మీదే ఉండిపోయింది.

దర్జీ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. వాడు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే నోరు ఆగలేదు.

"మొదట తగిలింది వీడిదే వదినా. ఆయన తీసి నా చేతికే ఇచ్చాడు. నేను వదిలేశాను."

వదిన బల్ల వైపు తిరిగింది. మిగతా చొక్కాలు ఒక్కొక్కటే మడిచి మూట కట్టుకుంది. దర్జీ గభాలున లేచింది. "వాణ్ణి అది కూడా విప్పమంటాను."

"వద్దు. వేసుకున్నాడుగా," అని గడప దాటింది. గుండీ బల్ల మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న దర్జీ మిషను తొక్కకుండా గోడవైపు చెవి పెట్టుకుని కూర్చుంది. అవతల మొహం కడుక్కున్న చప్పుడైంది. దువ్వెన గూట్లో పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. దేవుడికి ఆ రోజు సెలవు దొరికింది. దర్జీ అలాగే కూర్చుంది, ఒక్క తిట్టయినా ఇటు వస్తుందేమోనని.