టాప్ మోడల్‌తో నా తగువు

మాది టైర్ల కొట్టు. నాన్న, తమ్ముడు, నేను చక్రాల పని చూస్తాం. అమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుని మా ముగ్గురి మీదా పెత్తనం చేస్తుంది. ఈ ఏడు జరిగే కార్ల రేసుకి ఒక బుల్లి కారు కొనాలని నాన్న ముచ్చటపడ్డాడు. షోరూము వాళ్లని బతిమాలి, ఒకే కారులో మూడు రకాలు ట్రాక్ మీదకి తెచ్చాం. బేసిక్ మోడల్ పొద్దున్నే ఆయాసపడి తప్పుకుంది. మధ్యరకం నాది, గేర్లు చేత్తో వేసుకోవాలి. టాప్ మోడల్ తమ్ముడిది, ఇంజిన్ బలం ఎక్కువ, గేర్లు వాటంతటవే పడతాయి. గెలిచిన కారు కొంటాం, దాన్ని నడిపినవాళ్లే రేసుకి వెళ్తారు. ఆ సీటంటే నాకు ప్రాణం.

"నువ్వు చప్పట్లు కొడితే చాలు అక్కా," అన్నాడు వెధవ.

నాకు ఒళ్లు మండింది. "ముందు నీ నోటికి బ్రేకులు వేయించుకో!"

ట్రాక్ మీద టైర్లు వేడెక్కితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ముందే కాస్త గాలి తీసేస్తాం. మా ఇంట్లో ఒకరు చేసిన పని ఇంకొకరు నమ్మరు కాబట్టి, నా కారు దగ్గర నేనే కాపలా కాశాను.

తమ్ముడు బయలుదేరబోతుంటే చూద్దును కదా, వాడి టైర్లు నేలకి అతుక్కుపోయి ఉన్నాయి! నోరు మూసుకుంటే సీటు నాదే. ఒక్క క్షణం మూసుకున్నాను కూడా, అబద్ధమెందుకు? కానీ మలుపులో టైరు ఊడొస్తే? వాడు వెధవే, కానీ మా వెధవ.

"ఒరేయ్, ఆగరా! చక్రాలు చూసుకో!"

"నేను తీశాగా గాలి," అన్నాడు నాన్న.

"నేనూ తీశానే!" అన్నాడు తమ్ముడు.

"మీరిద్దరూ మరిచిపోయారేమోనని నేనూ తీశాను," అంది అమ్మ.

గాలి నింపుకుని వచ్చి, మొదటి రౌండులోనే వాడు నన్ను చిత్తు చేశాడు. నా కొంప నేనే ముంచుకున్నానని ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క రౌండు రేసవుతుందా? తిప్పుతూనే ఉండండి," అన్నాడు నాన్న.

తిప్పాం. పోను పోను టాప్ మోడల్ గేర్‌బాక్సు కాగిపోయి ఎర్రదీపం వెలిగింది. కారు తనంతట తనే వేగం తగ్గించేసుకుంది. నాది మాత్రం మొదట ఎలా తిరిగిందో చివరిదాకా అలాగే తిరిగింది. వాణ్ని దాటేటప్పుడు చెయ్యూపాను. ఊరుకుంటానా మరి?

"ఇదే కొంటున్నాం. నడిపేది నువ్వే," అన్నాడు నాన్న. సంతోషంతో స్టీరింగుకి ముద్దు పెట్టాను. కన్నతల్లికి ఏనాడైనా పెట్టిందా అని అమ్మ నవ్వింది.

తమ్ముడు సాకు కోసం వెతుక్కున్నాడు గానీ, దొరకలేదు. నేను నోరు మూసుకుని ఉంటే, ఓడిన నెపం జన్మంతా ఆ టైర్ల మీదకి నెట్టేసేవాడు. కాసేపు తల గోక్కుని నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఒక్క రౌండు నీ కారు ఇవ్వవా?"

ఇచ్చాను. పక్కసీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ వాణ్ని తిట్టాను.